నిండని గుంతలు

మొగిలిపాళెంలో ఇల్లు కట్టదలుచుకున్నవాళ్లు ముగ్గు పోయకముందే పెంచలయ్యకు కబురు పెట్టేవాళ్లు. లెట్రిన్ గుంత ఏ మూల తవ్వాలో, ఎన్ని ఒరలు దించాలో అతనే చెప్పాలి. ముత్తుకూరు నుంచి మేస్త్రి వచ్చినా, నెల్లూరు నుంచి వచ్చినా గుంత దగ్గర మాత్రం పెంచలయ్య మాటే.

ఒర అంటే మనిషి లోపల గొంతుక్కూర్చోగలిగినంత వెడల్పు, అడుగు ఎత్తు ఉండే సిమెంటు చుట్టు. సముద్రం పక్క ఊరు కాబట్టి నేలంతా ఇసక. మామూలుగా తవ్వితే పక్కలు జారి గుంత పూడిపోతుంది. అందుకని ఒరను నేలమీద పెట్టి, మనిషి అందులో దిగి, కాళ్ల కింద ఇసకను తోడి పైకి పంపుతుంటే ఒర తన బరువుకు తానే కిందికి దిగుతుంది. దాని మీద ఇంకొకటి, దాని మీద మరొకటి. ఇరవయ్యో ఏట ఒకసారి ఒర పగిలి పెంచలయ్య రొమ్ముదాకా ఇసకలో కూరుకుపోయాడు. బయటికి లాగినాక రెండు రోజులు పడుకుని, మూడో రోజు మళ్లీ అదే గుంతలో దిగాడు. ఆ గుంత పూర్తి చేయకపోతే ఇంకెప్పుడూ దిగలేనని భయం వేసిందట.

అతని పేరు నిలబడింది ఒక్క మాట మీద. పెంచలయ్య వేసిన గుంత నిండదు. చుట్టుపక్కల ఊళ్లలో రెండేళ్లకో మూడేళ్లకో గుంతలు పొంగి, ట్యాంకరు బండిని పిలిపించుకుని, ముక్కు మూసుకుని నిలబడేవాళ్లు. మొగిలిపాళెంకు ఆ బండి వచ్చినట్టు ఎవరికీ గుర్తు లేదు. మిగతావాళ్లు ఇసక చెమ్మ తగలగానే నాలుగైదు ఒరలతో ఆపేస్తారు. పెంచలయ్య అలా ఆపేవాడు కాదు. ఎండలు మండే నెలల్లో, నీళ్లు బాగా కిందికి పోయినప్పుడు చూసి పని పెట్టుకునేవాడు. పది ఒరలు, పన్నెండు ఒరలు. అడుగున నీళ్లు ఊరి పిక్కల దాకా వస్తేగాని పైకి వచ్చేవాడు కాదు. ఇంటింటికీ లెట్రిన్లు కట్టించిన ఏళ్లలో ఒక్క మొగిలిపాళెంలోనే అరవై నాలుగు గుంతలు వేశాడు. ఒక జనవరి ఇరవై ఆరున జెండా కింద నిలబెట్టి శాలువా కప్పారు. ఆ ఫొటోను అతని భార్య మాలకొండమ్మ దేవుడి పటాల వరసలోనే తగిలించింది.

పోయిన సంవత్సరం ఎండాకాలంలో ఊరికి మురుగునీటిని శుభ్రం చేసే ఏర్పాటు ఒకటి మంజూరయింది. ఇళ్ల నీళ్లన్నీ గొట్టాల్లో ఒకచోటికి తెచ్చి, తొట్టిలో మడ్డి కిందికి దిగాక, తుంగ నాటిన కంకర మడిలోంచి పారించి వదిలిపెట్టాలి. దానికి తగిన స్థలం ఎక్కడుందో చూడటానికి మండలం ఆఫీసు నుంచి ప్రత్యూష అనే ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్లు ఉండవు. నెల్లూరులో ఉంటుంది, స్కూటీ మీద వస్తుంది. నేల గురించి తెలిసినవాళ్లు ఎవరని అడిగితే ఊరి సచివాలయంలో అందరూ పెంచలయ్య పేరే చెప్పారు.

సోమవారం పొద్దున ఇద్దరూ ఊరికి దిగువనున్న బీడు దగ్గరికి పోయారు. చర్చి వీధి వెనక, వానాకాలం నీళ్లు నిలిచే ఉప్పు పర్ర మొదలయ్యేచోట ఉంది ఆ బీడు. ఊరి మురుగు ఎటూ అటే పారుతుంది కాబట్టి అదే సులువని సర్పంచి అనుకుంది. పెంచలయ్య చిన్న గుంత తీశాడు. ప్రత్యూష అందులో నీళ్లు పోయించి, స్కేలు నిలబెట్టి, చేతి గడియారం చూసుకుంటూ కూర్చుంది. పది నిమిషాలు కాకముందే గుంత ఎండిపోయింది. మళ్లీ పోయించింది. మళ్లీ అంతే.

"మన ఇసక అంతేమ్మా. ఎంత పోసినా తాగేస్తాది" అన్నాడు పెంచలయ్య, తన ఎద్దు గురించి చెప్పుకున్నట్టు.

"ఇంత తొందరగా తాగితే మంచిది కాదన్నా" అంది ప్రత్యూష రాసుకుంటూ. "నీళ్లు నిదానంగా దిగితేనే మురికిని నేల పట్టుకుంటుంది. ఇట్లా దిగితే మురికి కూడా నీళ్లతోనే పోతుంది."

పెంచలయ్య పార పక్కన పెట్టాడు. తరవాత ఇనప బరమాను చేత్తో తిప్పుతూ దించి, అడుగడుక్కీ వచ్చిన ఇసకను గోనెపట్టా మీద వరసగా పోశాడు. పైన తెలుపు, తరవాత లేత పసుపు. ఆరడుగుల దగ్గర తుప్పు రంగు మచ్చలు కనపడ్డాయి. పెంచలయ్యకు అవి చిన్నప్పటినుంచీ తెలుసు. వాటిని చూస్తే నీళ్లు దగ్గరపడ్డాయని లెక్క.

"ఇవి చూశావా? వానాకాలంలో నీళ్లు ఇంతదాకా వచ్చి నిలబడతాయి. ఇప్పుడు ఎండలకి పదడుగుల కిందికి పోయాయి. కార్తీకంలో తుపాను పడితే మళ్లీ ఇక్కడికొస్తాయి" అంది ప్రత్యూష.

"తెలుసమ్మా."

"అయితే నీకు చెప్పాల్సింది లేదు. మురికి వదిలే చోటు అడుగు ఎప్పుడూ ఈ మచ్చలకి పైనే ఉండాలి. మధ్యలో కొంత పొడి ఇసక ఉండాలి. లేకపోతే తాగే నీళ్లలో కలిసినట్టే." పుస్తకంలో పేజీ తిప్పింది. "ఊళ్లో గుంతలన్నీ నువ్వే వేశావంట కదా. ఎన్ని ఒరలు దించావన్నా?"

ఎండ అప్పటికి నడినెత్తికి రాలేదు. అయినా పెంచలయ్యకు చెవులు వేడెక్కాయి. గోనెపట్టా మీది మచ్చల ఇసకనే చూస్తూ ఉన్నాడు. ఈ మచ్చలు కనపడినప్పుడల్లా హమ్మయ్య అనుకుని ఇంకా కిందికి దిగినవాడు తను. నిండదు, నిండదు అని ఊరంతా చెప్పుకున్న గుంతల్లోని మురికి ఎక్కడికి పోయిందో అప్పుడు తెలిసింది. తెలియడానికి చదువేమీ అక్కర్లేకపోయింది. ముప్పై ఏళ్లుగా తన కాళ్ల కిందనే ఉంది.

"నాలుగు" అన్నాడు. "నాలుగు ఒరలేమ్మా. యాడన్నా అయిదు."

"అన్నీనా?"

"అన్నీ."

ఆమె రాసుకుంది. గుంతలు పైపైనే ఉన్నాయి కాబట్టి లెట్రిన్ల జోలికి పోనక్కర్లేదనీ, వంటింటి నీళ్లూ స్నానాల నీళ్లూ వరకే అయితే చిన్న ఏర్పాటు చాలుననీ, ఈ బీడు సరిపోతుందనీ చెప్పింది. "నీ వల్ల పని తేలికయిందన్నా" అంది. పెంచలయ్య బరమాను ఇసకతో తోమి తోమి కడిగాడు.

మంగళవారం ఆమె అయిదు బోరింగుల నీళ్లు చిన్న చిన్న సీసాల్లో పట్టింది. సీసా అడుగున మందు ఉంటుంది. నీళ్లలో మలం కలిసి ఉంటే రెండు రోజుల్లోపల నల్లగా మారుతుంది. పెంచలయ్యే పంపు కొట్టాడు. అయిదోది చర్చి వీధిలో ఫ్లోరా వాకిట్లోది. ఫ్లోరా రొయ్యల షెడ్డులో మాలకొండమ్మతో కలిసి పని చేస్తుంది. ఆమె కొడుకు జడ్సన్ పోర్టులో కంపెనీ బస్సు నడుపుతాడు. ఆమెకు అబిగయీలు అని ఒక కూతురు ఉండేది. ఏడేళ్ల కిందట తొలికాన్పుకు పుట్టింటికొచ్చి, ఏడో నెలలో కామెర్లు సోకి, నెల్లూరు ఆస్పత్రిలో నాలుగు రోజులుండి చనిపోయింది. ఆ ఏడు ఊళ్లో ఇంకా చాలామందికి కామెర్లు వచ్చాయి. ఆకు పసరు తాగారు, తగ్గింది, నీళ్ల వల్లేమోనని ఎవరూ అనుకోకుండానే మర్చిపోయారు.

పంపు కొడుతూ పెంచలయ్య పక్కింటి గోడ వైపు చూశాడు. అది రోజారమణి ఇల్లు. ఆ గోడ వెనక గుంత అతనే వేశాడు. పన్నెండు ఒరలు. బోరింగుకూ దానికీ మధ్య పద్దెనిమిది అడుగులు కూడా లేవు. ఆ గుంత తవ్విన రోజుల్లో మధ్యాహ్నం పూట ఫ్లోరా గోడ మీదుగా మజ్జిగ చెంబు అందించేది.

బుధవారం ప్రత్యూష రాలేదు. సచివాలయానికి పోయి సీసాల రంగు చూసి ఫోను చేయమని పెంచలయ్యకు చెప్పింది. అలమర తలుపు తీసి చూస్తే అయిదింట్లో నాలుగు నల్లబడి ఉన్నాయి. కొంచెం కాదు, దీపం మసిలాగా. ఫ్లోరా పేరున్న సీసా వాటిలో ఒకటి.

"నాలుగా?" ఫోనులో ప్రత్యూష గొంతు మారింది. "గుంతలు అంత పైనుంటే ఇట్లా ఎందుకొచ్చింది? సరే, నేను రేపొస్తాను. నువ్వు ఇప్పుడే ఆ ఇళ్లకి పోయి చెప్పన్నా. కాచకుండా ఒక్క చుక్క తాగొద్దని చెప్పు. చిన్నపిల్లలున్నచోట ముందు చెప్పు."

"అట్నేమ్మా."

మూడు ఇళ్లకు పోయి చెప్పాడు. ఎందుకని అడిగితే సీసా నల్లబడిందన్నాడు, అంతకుమించి చెప్పలేదు. నాలుగోది ఫ్లోరా ఇల్లు. చర్చి వీధి మొగదాకా నడిచాడు. లోపలినుంచి ఆమె మనవరాలు పాట పాడుతున్నది వినపడింది. అక్కడ ఆగిపోయాడు. చెప్పులో రాయి దూరినట్టు వంగి చెప్పు విప్పి దులిపాడు. రాయి లేదు. చెప్పు తొడుక్కుని వెనక్కి తిరిగి వచ్చేశాడు.

మాలకొండమ్మ అన్నం పెడితే కలిపి కూర్చున్నాడు. ఆమెకు అప్పటికే సీసాల సంగతి తెలిసింది.

"ఫ్లోరక్కకి చెప్పినావా?"

"చెప్పినా."

ఒక అబద్ధం ఇంజనీరమ్మకు, ఒకటి పెళ్లానికి. జీవితంలో పెద్దగా అబద్ధాలు ఆడిన మనిషి కాదు. ఆడాల్సిన అవసరమే రాలేదు. మూడు రోజుల్లో రెండు ఆడాడు.

బేస్తవారం తెల్లవారగానే మాలకొండమ్మ కొంగు సర్దుకుని గడప దాటబోయింది. "ఫ్లోరక్కని ఒకసారి పలకరించొస్తా. పాపం, ఆ నీళ్లని తెలిసినాక బిడ్డని తల్చుకుని ఎంత ఏడస్తాందో ఏందో."

పెంచలయ్య లేచాడు. "ఉండు. నేనే పోతా."

"చెప్పినానంటివి గదా?"

అతను చొక్కా వేసుకున్నాడు. ఆమె అతని మొహం చూసింది. పొయ్యి దగ్గరికి పోయి అటు తిరిగి కూర్చుంది.

ఫ్లోరా వాకిట్లో షెడ్డుకు వేసుకుపోయే రబ్బరు బూట్లు కడుగుతోంది. బోరింగు దగ్గర జడ్సన్ కూతురు, అయిదేళ్ల పిల్ల, పళ్లు తోముకుని దోసిలి పట్టి పుక్కిలిస్తోంది. పుక్కిలించి, ఇంకో దోసెడు పట్టుకుని తాగింది.

"ఏందన్నా ఇంత పొద్దున్నే? కూర్చో, కాఫీ పెడతా."

"ఆ నీళ్లు బిడ్డని తాగనియ్యబాక ఫ్లోరా."

ఆమె బూటు కింద పెట్టింది. పెంచలయ్య నిలబడే చెప్పాడు. సీసా నల్లబడిన సంగతి చెప్పాడు. రోజారమణి వాళ్ల గుంత తను వేసిందేననీ, పన్నెండు ఒరలనీ, అడుగు నీళ్లలోనే ఉందనీ, అక్కడినుంచి ఈ పంపుకు వస్తోందనీ చెప్పాడు. ఊళ్లో తన గుంతలన్నీ అలాంటివేనని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆమె కాళ్ల వైపే చూశాడు.

ఫ్లోరా తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తరవాత, "నీకెప్పుడు తెలిసింది?" అంది.

"సోమవారం."

"ఇయ్యాల ఏం వారం?"

"బేస్తవారం."

"తవ్వినప్పుడు నీకు తెలీదు" అంది ఫ్లోరా నెమ్మదిగా. "మాకూ తెలీదు. గుంత నిండట్లేదని మేమూ సంతోషపడినాం. దానికి నిన్నేమీ అనను. సోమవారం తెలిసింది. మంగళవారం నువ్వే వచ్చి నీళ్లు పట్టిస్తివి. నిన్న మూడిళ్లకి చెప్పినావంట, షెడ్డులో అనుకున్నారు. మాకు రాలేదు గదా, మా పంపు మంచిదిలే అనుకున్నా." గొంతు పెంచలేదు. "ఈ బిడ్డ మూడు దినాలు తాగింది గదన్నా."

పెంచలయ్య నోరు తెరిచాడు. ఎందుకో తనకే తెలియకుండా, "అబిగయీలు..." అన్నాడు.

"ఆ పేరు నువ్వు ఎత్తబాక."

ఆమె పిల్లను చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. తిరిగొచ్చి, పెంచలయ్య అక్కడ లేనట్టే, బిందెలో నీళ్లు వీధిలోకి వంపేసింది. రెండో బిందె, తరవాత వంటింట్లోని కుండ. అన్నీ అయ్యేదాకా అతను నిలబడే ఉన్నాడు. వెళ్లమని ఆమె చెప్పలేదు. ఉండమనీ చెప్పలేదు.

అక్కడినుంచి నేరుగా సచివాలయానికి పోయాడు. ప్రత్యూష సీసాలు బల్ల మీద పెట్టుకుని కూర్చుని ఉంది.

"నాలుగు కాదమ్మా" అన్నాడు. "పది, పన్నెండు. అన్నీ నీళ్లలోకే దించినా."

ఆమె పెన్ను మూసింది. "మరి సోమవారం?"

"సిగ్గయింది."

ప్రత్యూష కోప్పడి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేదేమో. ఆమె కళ్లు దించుకుని కాయితాలు సర్దింది. "నీ మాట మీద బీడు బాగుందని రాసి పైకి పంపేశాను. దాన్ని వెనక్కి తెప్పించుకోవాలి" అంది. అప్పటిదాకా ప్రతి మాట చివరా అన్నా అనే పిల్ల, ఆ రోజు ఒక్కసారీ అనలేదు.

తరవాతి పది రోజులూ ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. పెంచలయ్య గుంత చూపించి ఒరల సంఖ్య చెబుతాడు, ప్రత్యూష టేపుతో బోరింగుదాకా కొలిచి పటంలో చుక్క పెడుతుంది. అరవై నాలుగు చుక్కలు. ఏ ఇంటి ఒరలూ అతను మర్చిపోలేదు. ఏ ఇంట్లో ఏ రోజు నీళ్లు పడ్డాయో కూడా చెప్పగలిగాడు. ఒకప్పుడు అది గొప్పగా చెప్పుకునే సంగతి. కొందరు తలుపు దగ్గరే ఆపేశారు. "మా గుంత బాగానే ఉండాది. ఇన్నేళ్లుగా లేని బాధ ఇప్పుడెందుకు తెస్తావు పెంచలయ్యా?" అని ఒకాయన తిట్టాడు. అది న్యాయమని అనిపించి తల ఊపాడు.

లెట్రిన్ల నీళ్లు కూడా చేర్చాలని తేలాక స్థలం మళ్లీ చూడాల్సి వచ్చింది. బీడు పనికిరాదు. తుపాను వస్తే ముందు మునిగేది అదే. దానికి ఆనుకుని చర్చి వీధి బోరింగులున్నాయి. ఈసారి ఊరికి ఉత్తరాన సరుగుడు తోపు దగ్గర దిబ్బ మీద బరమా దించారు. ఎనిమిది అడుగులు పోయినా మచ్చలు రాలేదు. కింద కొంచెం బంకమన్ను కలిసిన ఇసక తగిలింది, నీళ్లు నిదానంగా ఇంకాయి. ఎత్తు కాబట్టి మోటారు పెట్టి ఎక్కించాలి, ఖర్చెక్కువ. అయినా అక్కడేనని ప్రత్యూష రాసింది. బీడే మేలని సర్పంచి ఇంకోసారి అంటే, మచ్చల ఇసకను గుప్పెడు తీసి బల్ల మీద పోసి చూపించింది.

ఆ సంగతి ఊరికి చెప్పడానికి సభ పెట్టారు. పెంచలయ్యను కూడా మాట్లాడమన్నారు. లేచి నిలబడి, తను వేసిన గుంతల వల్ల ఊరి నీళ్లు చెడిపోయాయని చెప్పాడు. జనం గుసగుసలాడారు. వెనకనుంచి ఎవరో, "తెలీక చేసినాడు. వాడి కొంపలోనూ ఆ నీళ్లే గదా" అన్నారు. ఔనౌనని నలుగురు తలలూపారు.

"తెలిసినాక కూడా..." అని పెంచలయ్య మొదలుపెట్టాడు. చేత్తో మొహం తుడుచుకున్నాడు. "తెలిసినాక కూడా నేను..."

పెద్దాయన ఏడుస్తున్నాడనుకున్నారు. సర్పంచి వచ్చి భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది. ఎవరో చప్పట్లు కొట్టారు, మిగతావాళ్లూ కొట్టారు. చెప్పాల్సింది ఆ చప్పట్లలో మునిగిపోయింది. ఆడవాళ్ల వరసలోంచి ఫ్లోరా లేచి, చీర దులుపుకుని, వెళ్లిపోవడం అతనికి కనపడింది. మాలకొండమ్మ ఆమె వెనకే పోయింది. ఆ రోజు ఇంటికి వచ్చాక మాలకొండమ్మ గోడ మీది శాలువా ఫొటో తీసి ట్రంకు పెట్టెలో పెట్టింది.

ఫ్లోరా మనవరాలికి ఏమీ కాలేదు. అది దేవుడి దయేగాని తన గొప్ప కాదని పెంచలయ్యకు తెలుసు. నాలుగు బోరింగులకూ ఎర్ర రంగు కొట్టి గొలుసులు వేశారు. కొన్నాళ్లు ట్యాంకరు నీళ్లు వచ్చాయి, తరవాత కుళాయిలు వచ్చాయి. గుంతలు ఒక్కొక్కటే మూసి ఇళ్లను గొట్టాలకు కలుపుతున్నారు. దిబ్బ మీది ఏర్పాటు ఈ ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. దాన్ని చూసుకునే పని పెంచలయ్యకే ఇవ్వాలని ప్రత్యూష అడిగింది. అతను వద్దన్నాడు. ఊళ్లో ఇంకెవరూ దానికి ఒప్పుకోకపోయేసరికి నెల తరవాత చేరాడు. జాలీలో చిక్కిన చెత్త తీస్తాడు, మడిలో తుంగ కోస్తాడు. ఒరల పనికి ఎవరు పిలిచినా పోవడం లేదు.

మూసిన బోరింగుల నీళ్లు ప్రతి నెలా పరీక్ష చేసి, ఫలితం సచివాలయం గోడ మీది నల్లబల్ల మీద రాయాలి. చేరేటప్పుడు ఆ రాయడం తనే చేస్తానని పెంచలయ్య అడిగి పెట్టుకున్నాడు. అతని చదువు అయిదో తరగతి. అక్షరాలు ఒంకరగా వస్తాయి. రెండు పంపులకు ఇప్పుడు మామూలు రంగే వస్తోంది. మూడోదీ, ఫ్లోరా వాకిటి పంపూ ఇంకా నలుపే. నేల కడుక్కోవడానికి ఒకటి రెండు వానాకాలాలు పట్టొచ్చనీ, అంతకంటే పట్టినా పట్టొచ్చనీ ప్రత్యూష అంది.

మొన్న అతను బల్ల మీద రాస్తుంటే ఫ్లోరా షెడ్డు నుంచి వస్తూ ఆగింది. సభ జరిగినప్పటినుంచీ ఇద్దరి మధ్యా మాట లేదు. ఆమె తన వాకిటి పంపు పేరున్న చివరి వరస దాకా చదివింది.

"ఇంకెన్నాళ్లు?" అంది, బల్లనే చూస్తూ.

"తెలీదు ఫ్లోరమ్మా."

ఆమె తల ఊపి, టిఫిను సంచి ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని, చర్చి వీధి వైపు నడిచింది. పెంచలయ్య సుద్దముక్క పట్టుకుని ఆమె పంపు పేరు పక్కన నలుపు అని రాసి ఆ మిగిలిన వరస పూర్తి చేశాడు.